యుద్ధనౌక ప్రమాద వార్తను ఎలా చదవాలి, కెప్టెన్ బాధ్యతను ఎలా తూచాలి

కడప నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా సముద్రం కనిపించాలంటే కొన్ని గంటల ప్రయాణం చేయవలసిందే. అయినా కొడుకో అల్లుడో నౌకాదళంలో పనిచేస్తున్న ఇళ్లు మా యర్రముక్కపల్లిలోనే మూడు ఉన్నాయి. నేను పదిహేనేళ్లు నావికుడిగా పనిచేసి ఊరికి తిరిగి వచ్చినవాణ్ని కాబట్టి, ఏదైనా యుద్ధనౌకకు ప్రమాదం జరిగిందని టీవీలో స్క్రోలింగ్ రాగానే ఆ ఇళ్లవాళ్లు మొదట నా దగ్గరకే వస్తారు. 2024 జులై 21న ముంబయి డాక్‌యార్డులో ఐఎన్ఎస్ బ్రహ్మపుత్రలో మంటలు లేచి, మరునాడు ఆ నౌక ఒక పక్కకు ఒరిగిపోయి, ఒక నావికుడు ప్రాణాలు కోల్పోయినప్పుడు కూడా అలాగే ఒక తండ్రి ఫోను చేతిలో పట్టుకొని వచ్చారు. "అన్నా, మావాడు ఆ ఓడలో లేడు, అది సరే. ఇట్ల జరిగితే కెప్టెన్ను తీసేస్తారంట కదా? తీసేస్తే తప్పు ఆయనదేనని తేలినట్లేనా?" అని అడిగారు.

ఆయన అడిగింది ఒక ప్రశ్నలా వినిపించినా అందులో రెండున్నాయి. జరిగినదానికి జవాబు చెప్పవలసినవారు ఎవరన్నది మొదటిది. అది అసలు ఎందుకు జరిగిందన్నది రెండోది. నౌకాదళం మొదటి ప్రశ్నకు చాలా త్వరగా, దాదాపు కళ్లు మూసుకొని సమాధానం చెబుతుంది: కమాండింగ్ ఆఫీసరే. రెండోదానికి సమాధానం రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. మొదటి సమాధానాన్నే రెండోదానికీ సమాధానంగా తీసుకోవడమే పత్రికలూ చదువరులూ చేసే పెద్ద పొరపాటు. ఈ రెంటినీ విడివిడిగా పట్టుకొని, వార్త వచ్చిన రోజు నుంచి విచారణ ముగిసేదాకా ఎలా వెంబడించాలో ఇక్కడ చెబుతాను.

మొదటి రోజు చేయవలసిన పని

ఒక నోటుపుస్తకం తీసుకోండి. నౌకాదళం విడుదల చేసిన ప్రకటనలో ఉన్న మాటలను ఒక పేజీలోనూ, "విశ్వసనీయ వర్గాల సమాచారం" పేరుతో టీవీలో వినిపించిన మాటలను ఎదుటి పేజీలోనూ తేదీ, సమయం వేసి రాసుకోండి. నెల తిరిగేసరికి ఆ రెండో పేజీలో సగానికి పైగా కొట్టివేయవలసి వస్తుంది. నౌక అప్పుడు సముద్రంలో ఉందా, రేవులో లంగరు వేసి ఉందా, డాక్‌యార్డులో రీఫిట్‌లో, అంటే పెద్ద మరమ్మతులో ఉందా అన్నది తప్పకుండా చూసుకోవలసిన విషయం, ఎందుకంటే బాధ్యత ఎవరెవరి మధ్య పంచుకోబడుతుందన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. సముద్రంలో ఉన్న నౌకకు కెప్టెనే సర్వాధికారి. రీఫిట్‌లో ఉన్న నౌకలో డాక్‌యార్డు కార్మికులు, కాంట్రాక్టు మనుషులు, వెల్డింగ్ పనివాళ్లు రోజంతా తిరుగుతూ ఉంటారు; అగ్నిమాపక వ్యవస్థలో కొంత భాగం విప్పి ఉండవచ్చు; నౌక సిబ్బందిలో కొందరు సెలవులోనో శిక్షణలోనో ఉండవచ్చు. అక్కడ మంట లేస్తే కెప్టెన్‌తో పాటు డాక్‌యార్డు అధికారులు కూడా జవాబు చెప్పాలి. 2016 డిసెంబరు 5న ముంబయిలో ఐఎన్ఎస్ బెత్వా డ్రైడాక్‌లో, అంటే నీళ్లు తోడేసి మరమ్మతు చేసే రేవులో, పక్కకు ఒరిగి ఇద్దరు నావికులు చనిపోయిన ప్రమాదాన్ని, రెండు ఓడలు నడిసముద్రంలో ఢీకొన్న ప్రమాదాన్ని ఒకే కొలతతో కొలవలేము.

పత్రికల్లో "కెప్టెన్" అన్న మాట కనబడితే అది హోదానా, ర్యాంకా అని కూడా గమనించండి. చిన్న క్షిపణి పడవకు లెఫ్టినెంట్ కమాండర్ ర్యాంకు అధికారి కమాండింగ్ ఆఫీసరుగా ఉండవచ్చు. పెద్ద డిస్ట్రాయర్‌కు కెప్టెన్ ర్యాంకు అధికారి ఉంటారు. నౌక మీద ఇద్దరినీ కెప్టెన్ అనే పిలుస్తారు. ఈ తేడా తెలియక రాసిన వార్తల్లో వయసు, అనుభవం, పదోన్నతి అన్నీ తారుమారవుతాయి.

ఇంకో మాట గట్టిగా చెప్పవలసి ఉంది. మీ ఇంటి పిల్లవాడు ఆ నౌకలోనో ఆ స్క్వాడ్రన్‌లోనో ఉంటే, వాడు పంపిన ఫోటోలు, నౌక ఎక్కడుందో తెలిపే మెసేజీలు కుటుంబ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టవద్దు. మీ ఆందోళన న్యాయమైనదే. కానీ ఆ ఒక్క ఫోటోతో ప్రమాదంతో సంబంధం లేని మీవాడు క్రమశిక్షణ చర్యకు గురి కావచ్చు.

నిద్రపోతున్న కెప్టెన్ ఎందుకు జవాబు చెప్పాలి

బయటివాళ్లకు మింగుడు పడని సంగతి ఇది. తెల్లవారుజామున 4 గంటలకు కెప్టెన్ తన క్యాబిన్‌లో నిద్రపోతుండగా, బ్రిడ్జ్ మీద, అంటే నౌకను నడిపే గదిలో, ఆ వేళకు కాపలా బాధ్యత చూసే ఆఫీసర్ ఆఫ్ ది వాచ్ పొరపాటు చేస్తే కెప్టెన్ తప్పేముంది? నౌకాదళ సంప్రదాయం చెప్పే సమాధానం సూటిగా ఉంటుంది. ఆ అధికారికి శిక్షణ సరిపోయిందని నిర్ణయించి బ్రిడ్జ్ అప్పగించినవాడు కెప్టెన్. ఏ పరిస్థితిలో తనను నిద్రలేపాలో నైట్ ఆర్డర్ బుక్‌లో రాసి సంతకం పెట్టినవాడు కెప్టెన్. సిబ్బంది అలసటను, విశ్రాంతిని చూసుకోవలసినవాడూ కెప్టెనే. అధికారాన్ని కిందివాళ్లకు అప్పగించవచ్చు గానీ జవాబుదారీతనాన్ని అప్పగించడం కుదరదు. మన నేవీ యాక్ట్ 1957లో 55వ సెక్షన్ కావాలని గానీ నిర్లక్ష్యంతో గానీ నౌకను పోగొట్టడం, నేలకు తాకించడం, ప్రమాదంలో పడవేయడం నేరమని చెబుతుంది. అది కెప్టెన్ ఒక్కరికే కాదు, నౌకాదళ చట్టం కిందికి వచ్చే ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది.

అందువల్ల విచారణ గురించి చదివేటప్పుడు మీరు వెతకవలసినవి కాగితాలు. నైట్ ఆర్డర్ బుక్‌లో ఏం రాసి ఉంది? ఎదురు ఓడ ఎంత దూరంలోకి వస్తే కెప్టెన్‌ను పిలవాలని ఆదేశం ఉంది? పిలిచారా? కెప్టెన్ నిద్రపోవడం తప్పు కాదు. ఏమీ రాయకుండా నిద్రపోవడం తప్పు, రాసినదాన్ని కిందివారు పాటించరని తెలిసి కూడా నిద్రపోవడం అంతకంటే పెద్ద తప్పు.

ఢీకొనడం ఎలా జరుగుతుందో ఒక్కసారి కళ్లకు కట్టించుకోండి

విశాలమైన సముద్రంలో రెండు ఓడలు ఢీకొనడమేమిటని అడిగేవారికి నేను చెప్పే ఉదాహరణ ఇది. అనంతపురం నుంచి తాడిపత్రి వైపు శనగచేల మధ్య తిన్నగా పోయే రోడ్డు మీద మీరు బైకు నడుపుతున్నారనుకోండి. కుడివైపు మట్టిబాట మీద ఒక ట్రాక్టరు మీ రోడ్డు వైపే వస్తోంది. అది మీ ముందుకు జరుగుతూ కనబడితే మీకంటే ముందు దాటిపోతుంది. వెనక్కు జరుగుతూ కనబడితే మీరు ముందు దాటిపోతారు. అలాకాక మీ హ్యాండిలు అద్దం అంచుకు అతుక్కుపోయినట్టు ఒకే చోట నిలిచి, క్రమంగా పెద్దదవుతూ మాత్రమే కనబడితే, మీరిద్దరూ ఒకే క్షణంలో ఒకే చోటికి చేరబోతున్నారని అర్థం. కంటికి కదలనిదే అన్నిటికంటే ప్రమాదం. ఓడలో దీన్ని దిక్సూచితో కొలిచి, బేరింగ్ (అవతలి ఓడ కనబడే దిక్కు) మారడం లేదు, దూరం తగ్గుతోంది అంటారు. 1972 నాటి అంతర్జాతీయ సముద్ర ప్రమాద నివారణ నియమాలలో 5వ నియమం ఎల్లవేళలా కళ్లతో, చెవులతో, అందుబాటులో ఉన్న ప్రతి సాధనంతో కాపలా కాయమంటుంది. 7వ నియమం ఈ బేరింగ్ లెక్కను చెబుతుంది. 15వ నియమం ప్రకారం మరో ఓడను తన కుడివైపున చూస్తున్న ఓడే దారి ఇవ్వాలి. ప్రమాద నివేదికలో "మానవ తప్పిదం" అని కనబడితే అక్కడ ఆగిపోకండి. ఈ మూడింటిలో ఏది తప్పింది, ఎన్ని నిమిషాల ముందు తప్పింది అని వెతకండి.

అమెరికా డిస్ట్రాయర్ జాన్ ఎస్. మెకెయిన్ కథ దీనికి మంచి పాఠం. 2017 ఆగస్టు 21 తెల్లవారుజామున సింగపూరు వైపు వెళుతున్న ఆ నౌక బ్రిడ్జ్ మీదే కెప్టెన్ ఉన్నారు. చుక్కాని దగ్గర ఉన్న నావికుడు దిశనూ వేగాన్నీ ఒక్కడే చూసుకోలేక తడబడుతున్నాడని గమనించి, వేగం నియంత్రణను పక్క సీటులోని నావికుడికి మార్చమని ఆదేశించారు. ఆదేశంలో తప్పేమీ లేదు. అయితే ఆ నౌకలో చుక్కాని, వేగం రెండూ టచ్ స్క్రీన్ల మీద నడుస్తాయి. వేగాన్ని మార్చబోయి చుక్కానిని కూడా పక్క సీటుకు పంపేశారు, అది పంపినట్టు ఎవరూ గమనించలేదు. మొదటి నావికుడు చుక్కాని పనిచేయడం లేదని కేక వేశాడు. వేగం తగ్గించమన్నప్పుడు రెండు ప్రొపెల్లర్లలో ఒక్కటే తగ్గింది, ఎందుకంటే తెర మీద ఆ రెండూ జతపరచి లేవు. నౌక ఎడమవైపు తిరిగి, కొద్ది నిమిషాల్లోనే అల్నిక్ ఎంసీ అనే చమురు ఓడ దారిలోకి వెళ్లిపోయింది. నీటిమట్టానికి కింద నిద్రపోతున్నవారిలో 10 మంది చనిపోయారు.

ఇక్కడ కెప్టెన్ తప్పుందా? ఉంది. ఇరుకైన, రద్దీగా ఉన్న సముద్రమార్గంలోకి ప్రవేశించే ముందే బ్రిడ్జ్ మీద అదనపు అనుభవజ్ఞులను నిలపవలసింది, నిలపలేదు. 2018 మేలో ఆయన విధి నిర్వహణలో లోపాన్ని కోర్టు మార్షల్ (సైనిక న్యాయస్థానం) ముందు అంగీకరించి, మందలింపు లేఖ, జీతంలో కోత తీసుకొని పదవీ విరమణ చేశారు. అయితే ఆ బ్రిడ్జ్ మీద కొందరు వేరే నౌక నుంచి తాత్కాలికంగా వచ్చినవారు, ఆ తెరల మీద వారికి తగిన శిక్షణ లేదు. ఆ తెరలను ఆ నౌకకు ఎంపిక చేసింది కెప్టెన్ కాదు. ప్రమాదం తర్వాత అమెరికా నౌకాదళం తన డిస్ట్రాయర్లలో వేగం నియంత్రణకు టచ్ స్క్రీన్లను తీసివేసి చేత్తో కదిపే మీటలను మళ్లీ పెట్టాలని 2019లో నిర్ణయించింది. కెప్టెన్‌ను తీసివేయడంతో మొదటి ప్రశ్న ముగిసింది, మీటలు తిరిగి రావడంతో రెండోదానికి కొంత సమాధానం దొరికింది. ఏ ప్రమాదంలోనైనా మీరు ఈ రెండింటి కోసం వెతకాలి. మొదటిది మాత్రమే కనబడితే విచారణ సగంలో ఉందని గుర్తించాలి.

నార్వే యుద్ధనౌక (ఫ్రిగేట్) హెల్గె ఇంగ్‌స్టాడ్ 2018 నవంబరు 8న తెల్లవారుజామున 4 గంటలు దాటిన వెంటనే సోలా టీఎస్ అనే ట్యాంకరును ఢీకొంది. అప్పటికి కొద్దిసేపటి ముందే బ్రిడ్జ్ మీద వాచ్ మారింది. టెర్మినల్ నుంచి అప్పుడే బయలుదేరిన ట్యాంకరు డెక్ దీపాలన్నీ వెలుగుతూ ఉండటంతో, అది ఒడ్డునో ఒడ్డు పక్కనో కదలకుండా ఉన్న ఏదో కట్టడమని వాచ్ అధికారి నమ్మారు. ట్రాక్టరు ఉదాహరణను గుర్తు తెచ్చుకోండి. కెప్టెన్ అప్పుడు నిద్రలో ఉన్నారు. నౌకలోని 137 మందీ బతికారు, నౌక మాత్రం పనికిరాకుండా పోయింది. 2023లో నార్వే సాధారణ న్యాయస్థానం శిక్షించింది కెప్టెన్‌ను కాదు, వాచ్ అధికారిని. 60 రోజుల సస్పెండెడ్, అంటే వెంటనే అమలు చేయని, జైలుశిక్ష పడింది. వాచ్ అధికారులకు శిక్షణ సరిపోలేదని భద్రతా విచారణ సంస్థ వేరుగా ఎత్తి చూపింది. శిక్ష ఒక దిక్కున, కారణం ఇంకో దిక్కున ఉండటం అంటే ఇదే.

న్యూజీలాండ్ సర్వే నౌక మనవనుయి 2024 అక్టోబరు 5న సమోవా దగ్గర పగడపు దిబ్బ మీదికి ఎక్కి మరునాడు మునిగిపోయింది. ఆటోపైలట్ ఆన్‌లోనే ఉందన్న సంగతి మరచి, నౌక మాట వినకపోవడానికి యంత్రలోపమే కారణమని బ్రిడ్జ్ సిబ్బంది అనుకున్నారు. 75 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ దేశ నౌకాదళాధిపతి ఎనిమిది వారాలు నిండే లోపే విలేఖరుల ముందుకు వచ్చి ఇది మానవ తప్పిదమని చెప్పారు, క్రమశిక్షణ చర్య వేరుగా జరుగుతుందని కూడా చెప్పారు. మన దగ్గర అలాంటి సందర్భం నేను ఇంతవరకు చూడలేదు.

శిక్షల పేర్లను సరిగా చదవడం

మన దేశంలో ప్రమాదం జరగగానే వినబడే మాట బోర్డ్ ఆఫ్ ఎంక్వయిరీ. అధికారుల బృందం ఒకటి సాక్షులను విచారించి, ఏం జరిగిందో తేల్చి, పైవారికి నివేదిక ఇస్తుంది. అది న్యాయస్థానం కాదు, శిక్ష వేయదు. "బోర్డు దోషిగా తేల్చింది" అని పత్రిక రాస్తే, ఆ మాటను "బోర్డు వేలెత్తి చూపింది" అని మీ పుస్తకంలో దిద్దుకోండి. ఎవరి పేరుప్రతిష్ఠలకు భంగం కలిగే అవకాశముందో ఆ అధికారికి సాక్షులను ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి. అది ఇచ్చారా లేదా అన్నదే తర్వాత పెద్ద వివాదమవుతుంది.

కమాండ్ నుంచి తప్పించడం శిక్ష కాదు, పరిపాలనా చర్య. 2014 జనవరిలో ఐఎన్ఎస్ ఐరావత్ విశాఖపట్నం రేవుకు తిరిగి వస్తూ నీటి అడుగున నేలను తాకినప్పుడు, కెప్టెన్‌ను కమాండ్ నుంచి తప్పించారు. అంటే ఆ అధికారి మీద మాకు నమ్మకం తగ్గిందని నౌకాదళం చెప్పింది, అంతే. ఆ తర్వాత అసంతృప్తిని తెలిపే లేఖ రావచ్చు. అది కాగితం ముక్కలాగే కనబడుతుంది గానీ పదోన్నతి బోర్డు ముందు ఆ ఒక్క కాగితమే ఉద్యోగ జీవితాన్ని ఆపేయగలదు. ఇంకా తీవ్రమైనదైతే కోర్టు మార్షల్. నౌకాదళంలో 5 నుంచి 9 మంది అధికారులు కూర్చుంటారు, ఆరోపణలు రాతపూర్వకంగా ఉంటాయి, న్యాయవాదిని పెట్టుకోవచ్చు. "విచారణ ఎదుర్కొంటున్నారు" అన్న ఒక్క మాటతో పత్రికలు ఈ నాలుగింటినీ కలిపేస్తాయి. ఏది జరుగుతోందో తెలియనప్పుడు ఎవరినీ నేరస్థుడని అనవద్దు, నిర్దోషి అని కూడా అనవద్దు.

కెప్టెన్‌కు పైన

2013 ఆగస్టు 14న ముంబయిలో ఐఎన్ఎస్ సింధురక్షక్ జలాంతర్గామి పేలి 18 మంది చనిపోయారు. 2014 ఫిబ్రవరి 26న సింధురత్న అనే మరో జలాంతర్గామిలో పొగ కమ్మి ఇద్దరు అధికారులు మరణించారు. అదే రోజు నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారు. 1956లో అరియలూరు రైలు ప్రమాదం తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామాను గుర్తుచేసుకొని చాలామంది ఆయనను మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. కానీ పై మనిషి వెళ్లిపోవడంతో బ్యాటరీలు, కేబుళ్లు, రీఫిట్ ఆలస్యాలు, విడిభాగాల కొనుగోళ్లు ఎవరి బల్ల మీద ఆగాయన్న ప్రశ్న మాత్రం వెళ్లిపోదు. నైతిక బాధ్యత గౌరవనీయమైనదే గానీ అది నివేదిక కాదు.

విశాఖ బీచ్‌లో ప్రదర్శనకు పెట్టిన కురుసుర జలాంతర్గామిలోకి మీ పిల్లలను ఎప్పుడైనా తీసుకెళ్లి ఉంటే, ఒక గది నుంచి మరో గదికి వంగి దూరవలసిన ఆ గుండ్రటి ద్వారాలను, భుజాలు తగిలే దారిని గుర్తుచేసుకోండి. అలాంటి చోట ఒక్క కేబుల్ రాజుకొని పొగ నిండితే కెప్టెన్‌కు మిగిలేది కొన్ని నిమిషాలే. ఆ కేబుల్‌ను ఎప్పుడు మార్చవలసి ఉండింది, ఎవరు వాయిదా వేశారు అన్నది అంతకుముందు ఒడ్డు మీద, ఏసీ గదుల్లో తేలిపోయిన విషయం. పై స్థాయి బాధ్యతను వెతకవలసింది అక్కడ.

దీనికి ఒక మంచి ఆధారం ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదికలు. 2017లో పార్లమెంటు ముందుకు వచ్చిన 20వ నంబరు నివేదికలో 2007-08 నుంచి 2015-16 దాకా నౌకాదళ నౌకల్లో 38 ప్రమాదాలు జరిగాయని, 33 మంది చనిపోయారని, భద్రతను చూసుకునే పక్కా సంస్థాగత ఏర్పాటు నౌకాదళానికి లేకపోయిందని రాశారు. ఒక్కొక్క ప్రమాదాన్ని విడిగా చూస్తే ఒక్కొక్క కెప్టెన్ తప్పు కనబడుతుంది. 38నీ పక్కపక్కన పెట్టి చూస్తే వేరే బొమ్మ కనబడుతుంది. రక్షణ శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలు, లోక్‌సభ ప్రశ్నోత్తరాలు కూడా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ ఎంపీకి ఉత్తరం రాసి ప్రశ్న అడిగించడం అనుకున్నంత కష్టం కాదు. ప్రశ్నను రెండు వాక్యాల్లో, నౌక పేరు, తేదీతో మీరే రాసి ఇవ్వాలి.

తప్పు మనిషి మీద పడ్డప్పుడు

నిందను తూచేటప్పుడు రెండు పాత కేసులను దగ్గర ఉంచుకోండి. 1945 జులై 30న జపాన్ జలాంతర్గామి టార్పెడోలకు అమెరికా క్రూయిజర్ ఇండియానాపొలిస్ 12 నిమిషాల్లో మునిగింది. దాదాపు 1,200 మందిలో 316 మందే బతికారు, ఎందుకంటే నౌక రాలేదన్న సంగతిని ఒడ్డున ఎవరూ పట్టించుకోలేదు. కోర్టు మార్షల్‌కు నిలబెట్టింది మాత్రం కెప్టెన్ మెక్‌వేను. టార్పెడోలను తప్పించుకునేలా నౌకను వంకరటింకరగా నడపలేదన్నది నేరం. ముంచిన జపాన్ కమాండర్ హషిమొటోనే సాక్షిగా పిలిపిస్తే, వంకరగా నడిపినా తాను ముంచగలిగేవాణ్నని చెప్పాడు. అయినా శిక్ష పడింది, తర్వాత దాన్ని రద్దు చేశారు. మెక్‌వే 1968లో ఆత్మహత్య చేసుకున్నారు. ఒక బడిపిల్లవాడు పాఠశాల ప్రాజెక్టుగా ఈ సంగతి తవ్వి తీసిన తర్వాత, 2000లో అమెరికా కాంగ్రెస్ ఆయన తప్పు లేదని తీర్మానించింది.

రెండోది 1989 ఏప్రిల్ 19న అమెరికా యుద్ధనౌక ఐయోవా ఫిరంగి గదిలో జరిగిన పేలుడు. 47 మంది చనిపోయారు. మొదటి విచారణ చనిపోయిన నావికుల్లోనే ఒకరు కావాలని చేసి ఉంటారని అనుమానించింది. శాండియా ప్రయోగశాల పరీక్షల్లో మందుగుండు సంచులను మితిమీరిన వేగంతో లోపలికి తోసినా పేలే అవకాశముందని తేలింది. 1991లో నౌకాదళాధిపతి అనుమానానికి గురైన ఆ నావికుడి కుటుంబానికి విచారం తెలియజేశారు. మాట్లాడలేని వారి మీద నింద వేసే నివేదికను, మరీ ముఖ్యంగా కింది ర్యాంకువారి మీద వేసేదాన్ని, రెండుసార్లు చదవండి.

మీరే అడగవలసి వచ్చినప్పుడు

సమాచార హక్కు చట్టం 2005 నుంచి నౌకాదళానికి పూర్తి మినహాయింపు లేదు. ఫీజు 10 రూపాయలు. పోస్టల్ ఆర్డరుతో పంపవచ్చు, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో కూడా వేయవచ్చు. దరఖాస్తు తెలుగులో రాసే హక్కు చట్టంలోనే ఉంది గానీ త్వరగా పని జరగాలంటే ఇంగ్లీషు ప్రతి కూడా జతచేయడం మంచిది. "పూర్తి నివేదిక ఇవ్వండి" అని అడిగితే భద్రత పేరుతో 8వ సెక్షన్ కింద తిరస్కరణ దాదాపు ఖాయం. అందుకని ఇలా అడగండి: ఫలానా నౌకలో ఫలానా తేదీన జరిగిన ప్రమాదం మీద బోర్డ్ ఆఫ్ ఎంక్వయిరీని ఏ తేదీన నియమించారు, ఏ తేదీన నివేదిక సమర్పించింది, ఎన్ని సిఫార్సులు చేసింది, ఈ తేదీ నాటికి ఎన్ని అమలయ్యాయి, ఏయే ర్యాంకులవారు ఎంతమంది మీద పరిపాలనా చర్య, ఎంతమంది మీద క్రమశిక్షణ చర్య తీసుకున్నారు. పేర్లు అడగవద్దు. తేదీలు, సంఖ్యలు దాచడం కష్టం, వాటిలోనే అసలు కథ బయటపడుతుంది.

మీ ఇంటివాడే ప్రమాదంలో గాయపడినా, అంతకంటే ఘోరం జరిగినా, నివేదికలో కెప్టెన్ పేరుకంటే ముందు వెతకవలసిన మాట ఒకటుంది: ఆ మరణానికి లేదా గాయానికి సర్వీసు కారణమని రాశారా లేదా. సాధారణ కుటుంబ పింఛను వస్తుందా, దానికంటే ఎక్కువైన ప్రత్యేక కుటుంబ పింఛను వస్తుందా అన్నది ఆ మాట మీదే తేలుతుంది. అగ్నివీరులకు పింఛను లేదు, 48 లక్షల బీమా ఉంది. విధి నిర్వహణలో మరణిస్తే అదనపు ఎక్స్‌గ్రేషియా వస్తుంది, కాబట్టి వారి విషయంలోనూ ఆ మాటే కీలకం. కడప, అనంతపురం, కర్నూలు మూడింటిలోనూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. అక్కడికి వెళ్లేటప్పుడు సర్వీసు నంబరు, నౌక పేరు, నౌకాదళం నుంచి వచ్చిన ప్రతి ఉత్తరం జిరాక్సులతో పాటు ఆ నోటుపుస్తకం కూడా తీసుకెళ్లండి.

తీర్పో ఉత్తర్వో అన్యాయమని తోస్తే, అది కెప్టెన్‌కైనా కింది నావికుడికైనా, సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టం కింద ఏర్పడిన ఆ ట్రిబ్యునల్‌లో ఆంధ్రప్రదేశ్‌వాసులు చెన్నై బెంచికి వెళ్లాలి. తుది ఉత్తర్వు అందిన రోజు నుంచి 6 నెలల్లోగా దరఖాస్తు వేయాలి. ఆలస్యాన్ని మన్నించే అధికారం బెంచికి ఉన్నా దాని మీద ఆశ పెట్టుకోవద్దు. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే లేదా తిరస్కరిస్తే, మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, అదీ విఫలమైతే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. అప్పీలులో 10వ సెక్షన్‌ను తప్పక రాయండి. రహస్యమైన భాగాన్ని వేరుచేసి మిగతాది ఇవ్వమని ఆ సెక్షన్ చెబుతుంది. స్పీడ్ పోస్టు రసీదులు పారేయకండి. నోటుపుస్తకం చివరి పేజీలో వాటిని అంటించి, ప్రతి రసీదు పక్కన గడువు ముగిసే తేదీని ఎర్రసిరాతో రాసుకోండి.